ముప్పాళ్ళ రోడ్డు మీద తిట్టని నలభై రోజులు

ఫిబ్రవరి 19, 1947. భస్మ బుధవారం. ఉదయం 6.00

ఈ రోజు నుంచి ఈస్టరు దాకా రోడ్డు మీద ఎవడినీ తిట్టను. మా సంఘంలో ఈ శ్రమకాలం నలభై రోజులూ ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు చుట్ట మానేస్తారు. నేను తిట్లు మానేస్తున్నాను. మాంసం మానడం దీని ముందు ఏపాటి.

కారణం కూడా రాయాలి. నిజమే రాయాలని షరతు.

నేను మిషను స్కూళ్ళ సూపర్వైజరును. కాపురం నరసరావుపేటలో. పదహారు ఊళ్ళు తిరిగి తనిఖీ చేయాలి కాబట్టి మిషను దొర స్వదేశం వెళ్తూ, యుద్ధంలో తిరిగొచ్చిన మోటారు సైకిలును నాకు అప్పగించి పోయాడు. యుద్ధంలో దానికి గీత కూడా పడలేదు. ముప్పాళ్ళ రోడ్డు మీద మూడుసార్లు పల్టీ కొట్టింది.

పోయిన గురువారం మూడోసారి. వెనక నా భార్య హన్నమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా ఎద్దుల బండి. తోలేవాడు తలగుడ్డ మొహం మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు. బూరా కొట్టాను, లేవలేదు. పక్క గుంటలో పడ్డాం. లేస్తూనే వాడిని, వాడిని కన్నవాళ్ళను, వాడి ఎద్దులను కన్న ఆవులను కలిపి తిట్టాను. తలగుడ్డ తొలగింది. ఇశ్రాయేలు మామ. హన్నమ్మ తండ్రి.

హన్నమ్మ అదే బండెక్కి ముప్పాళ్ళ పోయింది. పోతూ చెప్పింది: "మా నాయన్ని తిట్టావని కాదు బావా. తిట్టేటప్పుడు నువ్వు రోడ్డు చూడవు, వాడి మొహం చూస్తావు. ఏదో ఒకనాడు నన్ను విధవరాల్ని చేస్తావు. ఈస్టరు దాకా తిట్టకుండా ఉండు. రోజూ ఏం జరిగిందో రాయి. అబద్ధం రాయమాక. ఆ పుస్తకం చదివినాకే నేనొచ్చేది."

మోటారు నడపడం గురించి ఆడవాళ్ళకేం తెలుసు. అయినా సరే. నా పేరు యోబు, ఓర్పుకు బైబిల్లో అంతకు మించిన పేరు లేదు. మా నాయన ఏ ఆశతో పెట్టాడో గాని, నలభై రోజుల తర్వాత ఆ ఆశ తీరుతుంది.

ఫిబ్రవరి 20

కోటప్పకొండ తిరునాళ్ళ బండ్లు ఇళ్ళకు తిరుగుతున్నాయి. ఊరు దాటేలోపు తగిలిన మహానుభావులు:

చెరుకు నములుతూ పిప్పి నా చొక్కా మీద ఉమ్మినవాడు.

బండి మీద నిలబడి, వెనక బండిలో ఉన్న వదినతో మాట్లాడుతూ, వెనక్కు తిరిగే బండి తోలుతున్నవాడు.

ఎడమకు పొమ్మంటే, రెండు చేతులూ చూసుకుని, ఆలోచించుకుని, కుడికి పోయినవాడు.

ఒక్కమాట అనలేదు. ముగ్గురికీ చేతులు జోడించి నవ్వాను. మూడోవాడు భయపడి బండి దిగాడు.

సాయంత్రం 5.00. ఇది చాలా తేలిక. నలభై కాదు, నాలుగు వందల రోజులైనా ఉండగలను.

ఫిబ్రవరి 24

పిడుగురాళ్ళ రోడ్డు. 9.10. బొగ్గు బస్సు.

పెట్రోలుకు కరువొచ్చాక వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగే ఈ బస్సుకు డ్రైవరు యల్లమంద. ముందుకు నడుపుతూ వెనక్కు చూడటం ఆయన నేర్చిన విద్య. పొయ్యి ఆరిందేమో చూస్తాడు. టిక్కెట్టు ఎవరు తీసుకోలేదో చూస్తాడు. ఎవరి గంపలోంచి కోడిపుంజు లేచిందో చూస్తాడు. రోడ్డును మాత్రం దేవుడికి వదిలేశాడు.

నా మోకాలికీ బస్సుకీ మధ్య నాలుగు వేళ్ళు. బస్సు ఆపి, తల బయట పెట్టి, "ఏంది సూపర్వైజరు గారూ, కనపడకుండా వస్తారు?" అన్నాడు.

నా బండి చప్పుడు రెండు ఊళ్ళ అవతలికి వినపడుతుంది. అయినా నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

మనసులో తిట్టాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నోరు కదలలేదు, అందుకని అది తిట్టు కాదు.

మార్చి 3

సున్నపురాళ్ళ లారీ. డ్రైవరుకు ఒక చేతిలో బీడీ, రెండో చేతిలో అగ్గిపెట్టె. లారీని మోకాళ్ళతో తిప్పుతున్నాడు. నేను కంపచెట్లలోకి పోయి నిలబడ్డాను. ఇంకా మోచేతిలోంచి ముళ్ళు తీసుకుంటూనే ఉన్నాను.

ఇంగ్లీషులో తిట్టాను. టైరు పంక్చరైనప్పుడల్లా దొర వాడే మాట. ఆదివారాలు మాత్రం అనేవాడు కాదు. లారీవాడు బీడీ తీసి, "గుడ్మార్నింగ్ సార్" అన్నాడు. వాడికి అర్థం కాలేదంటే వాడికి తగల్లేదు. తగలని దెబ్బను దెబ్బ అంటారా?

హన్నమ్మా, ఇది చదివేటప్పుడు కొంచెం న్యాయంగా చదువు.

మార్చి 9. ఆదివారం

ఇల్లు బోసిగా ఉంది. రెండు పూటలా నేను వండుకున్న అన్నమే తింటున్నాను. అన్నాన్ని తిట్టకూడదని షరతులో లేదు, తిట్టాను.

సాయంత్రం బండి తుడిచాను. వెనక సీటు మీద హన్నమ్మ కుట్టిన చిన్న బొంత ఉంది. విప్పి దులిపి, మళ్ళీ కట్టాను. ఆమె లేకపోతే నాకేమీ బాగాలేదు. ఆమె చదువుతుందని రాయడం లేదు.

మార్చి 14

మళ్ళీ నిద్రబండి. వీళ్ళకు ఇంట్లో మంచాలు లేవా? నలుగురు కూర్చునే బండి మీద బారుగా పడుకుని, కాళ్ళు రోడ్డు మీదికి చాపి, నోరు తెరుచుకుని ఒక మనిషి. కాలు నా చెవికి తగిలింది.

ఎద్దును తిట్టాను. మనిషిని కాదు. షరతులో ఎద్దు లేదు.

బండివాడు లేచి కళ్ళు నులుముకుని, "ఎద్దునెందుకయ్యా అంటారు? అది మేలుకొనే ఉందిగా," అన్నాడు.

ఒప్పుకుంటాను. ఈ రోడ్డు మీద మేలుకుని ఉండేది ఎద్దులే. దానికి అన్యాయం చేశాను.

మార్చి 17, 18, 19

ఎద్దులు: ఆరు. గాడిద: ఒకటి. బస్సు (బస్సునే, యల్లమందను కాదు): రెండుసార్లు.

మార్చి 21

రాయాలని లేదు.

పొద్దున యల్లమంద నన్ను మళ్ళీ రోడ్డు అంచుకు నెట్టి పోయాడు. ఏమీ అనలేదు. అనకపోతే పోయింది, ఒక మంచి తిట్టు కుదిరింది మనసులో. మూడు ముక్కలు. మొదటిది వాడి కళ్ళ గురించి, రెండోది వాడి మెడ గురించి. మూడోది కుదరక, బస్సు వెళ్ళినవైపు తిరిగి చూస్తూ నడుపుతున్నాను.

మెకానిక్కు నూర్ మొహమ్మద్ సైకిలు వెనక చక్రాన్ని గుద్దాను. మనిషి ఎగిరి ఇసకలో పడ్డాడు. అక్కడ ఇసక ఉండబట్టి సరిపోయింది. పక్కనే కంకరరాళ్ళ కుప్ప.

లేచి పంచె దులుపుకున్నాడు. "ఎటు చూస్తున్నారు సార్?"

"ఆ యల్లమంద..."

"యల్లమంద అటు పోయాడు సార్. నేను ఇక్కడున్నా."

నూర్ మొహమ్మద్ కూడా అడ్డంగానే వచ్చాడు.

పై వాక్యం కొట్టేస్తున్నాను. అడ్డంగా రాలేదు. పక్కగా, పద్ధతిగా పోతున్నాడు. హన్నమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది.

మార్చి 29. శనివారం

రేపు మట్టల ఆదివారం. ఇంకో వారమే.

తెల్లవారి 5.30. మసక వెలుగు. పెట్రోలు ఆదా కోసం వాలులో ఇంజను ఆపి దిగుతున్నాను. ఎదురుగా ముప్పాళ్ళ వైపు నుంచి నరసరావుపేటకు ఏడు బండ్లు, ఒకదాని వెనక ఒకటి. ఆరింటిలో మిరపకాయ బస్తాలు. చివరిది గూడు బండి, పట్టా దించి ఉంది. నడి రోడ్డు మీద వస్తున్నాయి. ఏడుగురూ తలగుడ్డలు మొహాల మీదికి లాక్కుని నిద్ర. ఏడుగురూ. ముందున్న ఎద్దుకు దారి తెలుసు, వెనకవాటికి ముందు బండి తెలుసు. మనుషులు సామానుతో సమానం.

ఆగి నిలబడ్డాను. మొదటి బండి చక్రం కింద పడిన నా టోపీ మీదుగా పోయింది. దొర ఇచ్చిన టోపీ.

ఒక్క మాట అనలేదు.

బండి స్టాండు వేశాను. నడిచి ముందుకు వెళ్ళి, మొదటి ఎద్దు ముకుతాడు పట్టుకుని, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట మెల్లగా చుట్టు తిప్పాను. ఎద్దు నా మొహంలోకి ఒకసారి చూసింది. తిరిగింది. రెండోది తిరిగింది. ఏడో బండి కూడా బుద్ధిగా తిరిగి, అన్నీ వచ్చిన దారినే ముప్పాళ్ళకు పోయాయి. ఒక్కడూ లేవలేదు. ఒకడి గురక మాత్రం కొంచెం మారింది.

అవి కనుమరుగయ్యాక ఇంజను వేసి, పక్క డొంకలో పడి నా పనికి పోయాను.

నోట్లోంచి తిట్టు రాలేదు. షరతు చెక్కుచెదరలేదు. ఈ నెల మొత్తంలో ఇంత ఆనందం కలగలేదు.

ఏప్రిల్ 1. మంగళవారం

ఇశ్రాయేలు మామ వచ్చాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అమ్మాయి శనివారమే నీ దగ్గరికి బయలుదేరింది అల్లుడూ. నువ్వు తిట్టడం మానేశావని, చేతులు జోడించి నవ్వుతున్నావని యల్లమంద బస్సంతా చెప్పాడంట. ఇంక ఈస్టరు దాకా ఎందుకు, మట్టల ఆదివారం గుడికి ఇద్దరం కలిసి పోతాం అంది. మిరపకాయ బండ్లు వస్తుంటే ఎనక గూడు బండి కట్టా."

నేను మంచినీళ్ళు ఇచ్చాను.

"తెల్లారి కళ్ళు తెరిస్తే మా వాకిట్లోనే ఉన్నాం. నేను తోలిందీ నిజం, పోయిందీ నిజం. ఎట్టా వచ్చామో తెలవదు. అమ్మాయి ఏడ్చింది. దేవుడే ఎనక్కి తిప్పాడు నాయనా, నన్ను పోవద్దంటున్నాడు అంటంది. ఈస్టరుకీ రాదంట. ఆ ముందు ఎద్దు మన దానయ్యది. పన్నెండేళ్ళుగా ఆ దారి నడిచింది. దారి మరిచిన ఎద్దు ఇంటికి అరిష్టమని వాడు వచ్చే సోమవారం మాచర్ల సంతకు తోలతన్నాడు. ముసలెద్దును కసాయోళ్ళు తప్ప ఎవరు కొంటారు?"

దానయ్య నా బావమరిది. గూడు బండి పట్టా నేను ఎత్తి చూడలేదు. చూడకుండా ఏడు బండ్లు తిప్పాను.

ఏప్రిల్ 4. శుభ శుక్రవారం

గుడిలో మూడు గంటల ఆరాధన. నాకు ఒక్క మాటా చెవిన పడలేదు.

నేను తిప్పానని ఎవరికీ తెలియదు. ఈ పుస్తకంలో ఒక్క కాగితం చింపితే అయిపోతుంది. మార్చి 29న తిట్టలేదు, అది నిజమే. దేవుడి మీద పడిన నింద దేవుడు భరిస్తాడు, ఆయనకు అలవాటే. హన్నమ్మకు నెమ్మదిగా నచ్చజెప్పవచ్చు. ఎద్దు ముసలిది.

ఎద్దు ముసలిది అని రాశాను. ఏడుగురు పెద్దమనుషులు నిద్రపోతుంటే మేలుకుని ఉన్న ఒక్క ప్రాణిని కసాయికి పంపి, నేను టోపీ దులుపుకుని ఊరేగుతానా? ఇన్నాళ్ళూ యల్లమంద మెడను ఆడిపోసుకున్నాను. నాకు నేనంటే చాలా అసహ్యంగా ఉంది.

కాగితం చింపలేదు.

ఏప్రిల్ 5. శనివారం

ముప్పాళ్ళ పోయాను. పుస్తకం హన్నమ్మ చేతిలో పెట్టి దూరంగా నిలబడ్డాను. అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చదివింది. మార్చి 9 దగ్గర కొంగుతో ముక్కు తుడుచుకుంది. మార్చి 21 రెండుసార్లు చదివింది. మార్చి 29కి వచ్చేసరికి తల ఎత్తి నన్ను చూసింది. మళ్ళీ చదివింది.

"ఒరేయ్ దానయ్యా, ఎద్దును ఇప్పమాక. దాని తప్పేం లేదు. తిప్పింది మీ బావ."

దానయ్య ముల్లుకర్ర తీసుకుని లేచాడు. ఇశ్రాయేలు మామ అడ్డం వెళ్ళి, "ఉండ్రా. మనం నిద్రపోబట్టేగా తిప్పాడు," అన్నాడు. దానయ్య కర్ర దించాడు గాని కూర్చోలేదు.

హన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. "దేవుడు వద్దన్నాడని వారం రోజులు అన్నం తినలా బావా నేను."

తప్పైందన్నాను.

"ఓడిపోయావు," అంది. "కాకపోతే నిజం రాశావు. రేపు గుడి అయినాక పోదాం."

ఏప్రిల్ 6. ఈస్టరు. సాయంత్రం

హన్నమ్మ వెనక బొంత మీద కూర్చుంది. ముప్పాళ్ళ రోడ్డు. నాలుగు గంటలు. మలుపులో యల్లమంద బస్సు నడి రోడ్డు మీద వచ్చింది. ఆయన వెనక్కు తిరిగి ఎవరికో ఈస్టరు శుభాకాంక్షలు చెబుతున్నాడు.

నేను రోడ్డే చూశాను. యల్లమంద మొహం చూడలేదు. బస్సుకూ గుంటకూ మధ్య జానెడు దారి కనపడింది. అందులోంచి పోనిచ్చాను. పడలేదు. ఆ దారి ఎప్పుడూ అక్కడే ఉండి ఉంటుంది.

బస్సు దాటగానే నా వెనక నుంచి తిట్లు మొదలయ్యాయి. యల్లమంద తాతతో మొదలుపెట్టి, తండ్రిని తాకి, ఆయన మెడ దగ్గర చాలాసేపు ఆగి, బొగ్గుపొయ్యితో ముగించింది. తొక్కుడు సైకిలు రోజుల నుంచీ పదేళ్ళుగా ఈ రోడ్డు మీద తిడుతున్నాను, అందులో రెండు మాటలు నేనెప్పుడూ వినలేదు.

అర మైలు పోయాక నా భుజం తట్టింది.

"ఇది రాయమాక బావా," అంది.

ఏప్రిల్ 7. సోమవారం. ఉదయం 6.00

ఈస్టరు నుంచి ఆరోహణ పండుగకు సరిగ్గా నలభై రోజులు. అప్పటి దాకా రోడ్డు మీద ఎవరినీ తిట్టం. మనుషులను, ఎద్దులను, బస్సులను. ఇంగ్లీషులో కూడా. బండ్లు తిప్పం. ఈసారి ఇద్దరం. నలభైలో ఒక రోజు నిన్ననే పోయింది, అది హన్నమ్మది. రాయకుండా ఉండలేదని నా మీద కోపంగా ఉంది.

6.40. క్రోసూరు స్కూలుకు బయలుదేరుతున్నాం. బయట బొగ్గు బస్సు పొయ్యి రాజేస్తున్న వాసన వస్తోంది. హన్నమ్మ పెదవులు బిగించుకుని వెనక కూర్చుంది, నేను రోడ్డు చూసుకుంటాను.