పాపను ఎత్తుకోవచ్చన్నారు

అక్కా,

పాప పుట్టి మూడు నెలలైనా రాలేదని, నేను అలిగాననుకుంటున్నావట. అలక కాదు. నాకు హెచ్ఐవి ఉంది. ఈ ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. కుట్టుమిషను ముందు కూర్చున్నా మనసు నిలవడం లేదు.

"రోగం వచ్చిందని మిగతా కణాలను లేపేవి సహాయక టి కణాలు. ఈ వైరస్ వాటినే చంపుతుంది" అన్నారు డాక్టరమ్మ. ఐదొందలకు పైన ఉండాల్సినవి, పోయినేడు రక్తపరీక్షలో నూట ఇరవైకి పడిపోయాయి. అప్పుడే ఆ పాడు దగ్గు పట్టుకుంది. రోజూ మాత్రలు వేసుకుంటున్నాను. ఇప్పుడు నాలుగొందలు దాటాయి, దగ్గూ పోయింది.

"మేనకోడలిని ఎత్తుకోవచ్చా?" అని అడిగాను.

"ఎత్తుకుంటే అంటదయ్యా, ముద్దు కూడా పెట్టుకో" అని నవ్వారు.

నువ్వేమంటావోనని రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఆదివారం తలుపు తడతాను. బావ కాదు, నువ్వే తియ్యి.

నీ తమ్ముడు