మూడో కెమెరా

ఏమయ్యా,

నేను చెబుతుంటే మన మనవరాలు రాస్తోంది. రేపు కారులో మోర్ధానా డ్యాము చూసి, ఒడుగత్తూరు మీదుగా కొండలకు పోతున్నాము. నీ కెమెరాల్లో ఏది సర్దాలని పొద్దున్నుంచీ మాకు తగాదా.

ఒక పార్టీ నాయకుణ్ణి ఫోటో తీసిన కెమెరా ముందు రెండో పార్టీవాళ్ళు నిలబడరని గుడియాత్తంలో నువ్వు రెండు కెమెరాలు పెట్టుకున్నావు కదా. పిల్ల ఆ రెండూ సంచిలో పెట్టింది.

"అవి కట్చివోళ్ళవి, ఆ పార్టీలోళ్ళవి. మూడోది యాడ ఉండాది? దాన్ని మీ తాత నాకోసరం కొన్నాడు," అన్నాను.

"దాంట్లో ఒక్క రీలూ వెయ్యలేదే, అవ్వా!"

"ఆ పార్టీల మీటింగులు ముగిస్తే కదమ్మా వేసేది! అవి ముగియలా, ఆయనే పోయినాడు. నువ్వు వెయ్యి."

వేసింది. రేపు డ్యాము కట్టమీద మొదటి ఫోటో నాదే. కెమెరా వెనక నువ్వు నిలబడాల్సిన చోట పిల్ల నిలబడుతుంది. ఇంత ఆలస్యానికి నేను నవ్వేది లేదని ముందే చెప్పేశాను.