నలభై తొమ్మిది మీటర్ల మీద బావ

సెప్టెంబర్ 30, మంగళవారం

బావ ఫోన్ చేశాడు, కింద ఓనర్ పెద్దమ్మ ఇంటికి. డాక్టరమ్మ మంచం దిగొద్దందని అక్కకి మెట్ల మాటే లేదు. నేనే పరిగెత్తాను.

బావ సరుకు ఓడలో వంటవాడు. రేవులో ఆగితే తప్ప ఫోన్ లేదు. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. కాన్పుకి వస్తావా రావా, అదొక్కటి చెప్పు బావా అన్నాను. కంపెనీ వాళ్ళు ఇవాళ సాయంత్రం తేలుస్తారురా, కానీ రేపు మమ్మల్ని ఓడ దిగనివ్వరు అన్నాడు. పొద్దున్నే రేడియో వాళ్ళు ఓడ పక్కకే వచ్చి మా గొంతులు రికార్డు చేస్తారు, అందులో చెప్తా, అక్టోబర్‌లో ఏదో ఒక ఆదివారం వేస్తారు అన్నాడు. సాయంత్రం ఏడున్నర. షార్ట్‌వేవ్. ముప్పై ఒక్క మీటర్ల దగ్గర పెట్టాలి. పావుగంట ప్రోగ్రాం. ఒక్కసారే వేస్తారు, వినండిరా అంటుండగానే కట్.

మళ్ళీ ఓడ ఆగేది నవంబర్ చివర్లోనట. అప్పటికి అక్క పురుడు కూడా అయిపోతుంది.

అక్క అంతా విని, మంచం కింది సూట్‌కేసు తీయించింది. బావ వచ్చేట్టయితే ఇక్కడే ఉంటుంది. రానంటే నెలాఖరుకల్లా రైల్లో పడుకునైనా అత్తయ్య దగ్గరికి. ఆ తర్వాత డాక్టరమ్మ ప్రయాణం ఒప్పుకోదు.

మనింట్లో రేడియోనే లేదు కదే అన్నాను. ఉంటుంది, నువ్వు తెస్తావు కదా బొంగరం అంది. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. ఆ పేరు పెట్టిందీ ఆవిడే.

అక్టోబర్ 3

రేడియో కొన్నాను. షాపాయన బల్లమీద నాలుగు పెట్టాడు. ఎక్కడ వింటావు, ఏ టైముకి, ఏ స్టేషను అని అడుగుతూనే ఉన్నాడు. నాకు అంత ఓపికెక్కడిది? టార్చిలైటు, గడియారం, ఎర్రలైట్లు ఉన్నది చూపించి ఇదే ఇవ్వండి అన్నాను. బాబూ, రేడియో కొనడానికొచ్చావా, ఊరేగింపుకొచ్చావా అన్నాడు. అయినా ప్యాక్ చేశాడు.

అక్క లైట్లు చూసి నవ్వింది. చాలా రోజులకి.

అక్టోబర్ 5, ఆదివారం

ఏమీ రాలేదు. స్టేషన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. వెంట్రుకవాసి తిప్పితే ముప్పై ఒకటి దాటి ఎక్కడికో పోతోంది. లైట్లు మాత్రం భలే వెలిగాయి.

అక్క వాటిని చూసి ఈసారి నవ్వలేదు. అదే బాగాలేదు.

అక్టోబర్ 6

పొద్దున్నే షాపు ముందు నిలబడ్డాను. షట్టర్ తీస్తూనే నవ్వాడు. వాపసు తీసుకున్నాడు, పెద్ద మనసే. ఈసారి అడిగినవన్నీ చెప్పాను. మేడ మీది గది, సాయంత్రం, ముప్పై ఒక్క మీటర్లు, ఓడలవాళ్ళ ప్రోగ్రాం. ఓడలవాళ్ళదా అన్నాడు. లోపల్నుంచి నల్లటిది తెచ్చాడు. టార్చి లేదు, గడియారం లేదు. పక్కన ఇంకో చిన్న చక్రం. పెద్దదానితో ఊరు చేరతావు, చిన్నదానితో ఇల్లు వెతుక్కుంటావు అన్నాడు. పదడుగుల రాగి వైరు కూడా ఇచ్చి, కిటికీ బయటికి వదులు, ఇనప ఊచలకి తగలనీకు అన్నాడు. ఫోన్ నంబర్ కూడా రాసిచ్చాడు.

అక్టోబర్ 8

గ్లాస్ షాపులో ఇవాళ కటింగ్ మేస్త్రీ మొదటిసారి కట్టర్ నా చేతికిచ్చాడు. ఇన్నాళ్ళూ అద్దాలు మోయడమే. మూడు పలకలు పగలగొట్టాను. నీకు చేతిలో తొందర లేదురా, భుజంలో ఉంది అన్నాడు. ఇది నాకు ఐదో పనో ఆరో పనో. మానేద్దామనుకున్నాను. ఇంటికొచ్చి చిన్న చక్రం తిప్పుతూ కూర్చున్నాను. మానలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

స్టేషన్ దొరికింది! ఓడ హారన్‌తో మొదలవుతుంది. కానీ దాని మీద గుర్రుమని ఒకటే రొద. వెయ్యి తేనెటీగలు. అక్క రేడియోకి చెవి ఆనించి పడుకుంది. మాటలు వస్తున్నాయి, అర్థం కావట్లేదు. ప్రోగ్రాం అయిపోయాక, అందులో ఆయన ఉన్నాడేమోరా అంది. ఉండడు అన్నాను. నీకెలా తెలుసు అంది. తెలీదు.

అక్టోబర్ 14

రొద ఎక్కడిదో పట్టుకుందామని రేడియో చంకలో పెట్టుకుని బిల్డింగంతా తిరిగాను. ఎక్కడ గట్టిగా మోగితే అక్కడే దొంగ. మేష్టారి ట్యూషన్ గదిలో ట్యూబ్‌లైటు దగ్గర గుయ్యిమంది. పిల్లలంతా లెక్కలు వదిలేసి నా వెనకాలే. చేపల అంకుల్ తొట్టి మోటారు దగ్గర గర్రుమంది. ఆయన అలిగాడు. మా చేపలు చప్పుడు చేయవయ్యా అన్నాడు. పెద్దమ్మ టీవీ దగ్గరైతే రేడియో కేక పెట్టింది. ఆవిడ సీరియల్ లోంచి తల తిప్పకుండా, ఎవర్రా మేకని కోస్తున్నారు అంది.

చివరికి మా గదికి వచ్చాను. అక్క నెత్తి మీది ఫ్యాను రెగ్యులేటర్. అన్నిటికంటే పెద్ద దొంగ అదే. దాన్ని ఆపినా మిగతా దొంగల రొద ఆగలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

డాబా మీదికి ఎక్కాను, వైరు బట్టల తీగ మీదుగా లాగాను. అద్దంలా వచ్చింది. హారన్ నుంచి చివరి పాట దాకా కదల్లేదు. దోమలు తినేశాయి, కాలు తిమ్మిరెక్కింది, అయినా లేవలేదు. ఎవరెవరో ఏ భాషల్లోనో మాట్లాడారు. బావ లేడు.

కిందికొచ్చి చెప్పాను. అక్క నమ్మలేదు. నువ్వు, పావుగంట, ఒకచోట? అంది. మధ్యలో పిట్టగోడ దగ్గరికి పోయి వీధి చూసుంటావు, అప్పుడే వచ్చి పోయుంటాడు అంది. ఒట్టు అన్నాను. నీ ఒట్లు నాకు తెలీవా అని గోడ వైపు తిరిగింది.

ఒళ్ళు మండింది. జీవితంలో మొదటిసారి కుదురుగా కూర్చుంటే నమ్మే దిక్కు లేదు.

అక్టోబర్ 20

ఆవిడ చెవులతో ఆవిడే వినాలి. మంచం డాబా ఎక్కదు. కాబట్టి డాబా మీది నిశ్శబ్దమే మంచం దగ్గరికి రావాలి.

అక్టోబర్ 23, సాయంత్రం

ఆదివారం ఏడున్నర నుంచి పావుగంట మెయిన్ ఆపుదామని అందర్నీ అడిగాను. మేష్టారు వెంటనే సరే అన్నాడు, పిల్లలకి చెప్పకు, రోజూ అడుగుతారు అన్నాడు. చేపల అంకుల్ పావుగంటకి చేపలేం చావవులే అని తనే తేల్చాడు.

పెద్దమ్మే కొరకరాని కొయ్య. మెయిన్ ఆవిడ గదిలో ఉంది. ఈ ఆదివారం కుదరదురా అంది. సీరియల్లో ఆ పిల్లకి మూడు నెలలుగా కళ్ళు లేవు, ఈ ఆదివారమే కట్టు విప్పుతున్నారట. మీ బావ మాట వినడానికి నా పిల్ల గుడ్డిదిగా ఉండిపోవాలా అంది. ఇదే నెలలో చివరి ఆదివారం పెద్దమ్మా అన్నాను. టీవీ సౌండు పెంచింది. అక్క సూట్‌కేసు సర్దేసింది అన్నాను. రిమోట్ చేతిలో పట్టుకుని, పో పో, చూద్దాంలే అంది.

అక్టోబర్ 25

అక్క రైలు టికెట్ తెమ్మంది. సోమవారానికి తెచ్చాను. దిండు కింద పెట్టుకుంది.

అక్టోబర్ 26, ఆదివారం

ఏడూ ఇరవైకే పెద్దమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది, చేతిలో కుర్చీ, వెనకాల అంకుల్ టార్చితో. కట్టు విప్పారా అంటే, ఇంకా ప్రకటనలే అవుతున్నాయి, అయినా ఎలాగూ వచ్చే వారం మళ్ళీ పోగొడతారు చూపు అంది. మెయిన్ తీయమని మేష్టారికి చెప్పొచ్చానంది. ఆ మాట అవుతుండగానే ఆరిపోయింది. బిల్డింగంతా చీకటి. ఫ్యాను చివరి చుట్టు తిరిగి ఆగింది. ఇంత నిశ్శబ్దం ఈ గదిలో ఎప్పుడూ వినలేదు.

రేడియో పెట్టాను. ముప్పై ఒకటి.

ఏమీ లేదు.

రొద లేదు, ఓడ హారన్ లేదు, ఉత్త గాలి. ఏడున్నర దాటింది. అందరూ నా వైపే చూస్తున్నారని చీకట్లో కూడా తెలుస్తోంది. అక్క ఊపిరి వినిపిస్తోంది. వైరు ఊడిందా అన్నాడు, మెయిన్ తీసి పైకొచ్చిన మేష్టారు. ఊడలేదు. పెద్దమ్మ, నా పిల్లని అన్యాయంగా వదిలేసి వచ్చానురా అంది.

కిందికి దూకాను. పెద్దమ్మ ఫోన్లో షాపాయనకి చేశాను. అన్నం తింటున్నాడు. నా మాట పూర్తి కాకుండానే, ఓరి నాయనా, నాదే తప్పు, చెప్పడం మరిచాను అన్నాడు. అక్టోబర్ ఆఖరి ఆదివారం స్టేషన్లన్నీ చలికాలపు మీటర్లకి మారిపోతాయట, ఏటా ఇంతే. కొత్త నంబర్ ఇంకా నాకూ రాలేదు, నలభై ఒకటి చూడు, నలభై తొమ్మిది చూడు, మెల్లగా, పరిగెత్తావో దాటిపోతావు అన్నాడు.

మూడేసి మెట్లు ఎక్కాను. మంచం పక్కన కూర్చున్నాను. పెద్ద చక్రం వదిలేసి చిన్నది పట్టుకున్నాను. భుజం వదులు చేశాను. నలభై ఒకటి. వార్తలు. పాట. ఎవరో ప్రార్థన. గాలి. మీ వాడికి కుదురు లేదుగా, నాకివ్వమను అన్నాడు అంకుల్. అక్క, ఉండండి, వాడు చూస్తున్నాడు అంది. నలభై తొమ్మిది. గాలి. గాలి. గోటితో నెట్టినంత. ఎవరో మగమనిషి తెలియని భాషలో ఏడుస్తూ నవ్వుతున్నాడు. వెనకాల సముద్రపు పక్షుల అరుపులు. ఇదే.

ఆ మనిషి అయిపోయాడు. ఇంకొకడు. ఇంకొకడు. ముందే వచ్చి పోయాడేమో అని అక్క గొణుగుతుంటే,

హలో హలో, ఇందులోనే మాట్లాడాలా అండీ, అన్నాడు బావ.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బాగున్నాను అన్నాడు. కూరలో ఉప్పెక్కువైందని కెప్టెన్ తిట్టాడు, నీ మీద ధ్యాసతోనే వేశాను అన్నాడు. కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు, మధ్యలోనే పడవలో దించి పంపిస్తారట, వస్తున్నా, నవంబర్... అన్నాడు. అంతే, గొంతు నీళ్ళలో మునిగినట్టు కిందికి పోయింది. చక్రం ముట్టుకోలేదు. ఆగితే తనే తేలుతుందని వారం వారం విని తెలిసింది. తేలింది. అప్పటికి, ...బొంగరాన్ని దగ్గరే ఉంచుకో, వాడుంటే నాకు ధైర్యం, అంటున్నాడు. తర్వాత పాట.

పెద్దమ్మ దిగి మెయిన్ వేసింది. లైట్లు వచ్చాక పెద్ద పంచాయితీ. పది అన్నాడు అంకుల్. స్పష్టంగా పద్దెనిమిది అన్నాడు మేష్టారు. పెద్దమ్మ, ఏ తేదీ అయితే ఏంటి, పిల్ల కంటే ముందొస్తాడు, అది చాలు అంది. నాకు ఏదీ వినపడలేదు. అక్కని అడిగితే, నేను తేదీ వినలేదురా, ఆయన గొంతు విన్నాను అంది.

టికెట్ తీసి నా చేతిలో పెట్టింది. రేపు స్టేషన్‌కెళ్ళి వాపసు ఇచ్చెయ్ అంది. తర్వాత, పోయిన వారం నువ్వు కదల్లేదు కదూ అంది.

లేదు అన్నాను.

నవంబర్ 2, ఆదివారం

ఎవరినీ అడగలేదు. ఏడున్నరకి బిల్డింగంతా దానంతటదే ఆరిపోయింది. మెట్ల మీద కుర్చీలు ఈడ్చుకొస్తున్న చప్పుడు. నలభై తొమ్మిదిలో ఎవరో కుర్రాడు, ఏ దేశమో, ఒకే పేరు మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నాడు. చీకట్లో పెద్దమ్మ ముక్కు చీది, వీడు కూడా వచ్చేస్తున్నానంటున్నాడా అని అడిగింది.

అవును పెద్దమ్మా అంది అక్క.