నీలి పీతలు మేసిన మడి

గౌలిపురలో ఉన్న మా అక్క బాలమణికి, తమ్ముడు మల్లేశ్ దండాలు.

నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను ఒంటికి బాగానే ఉన్నాను, ఫికర్ పెట్టుకోకు. మొన్న ఫోన్లో "గొంతు గట్లున్నదేందిరా, పని పోయిందా?" అని అడిగావు. ఏం లేదని పెట్టేశాను. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

నేనూ, యాకుత్‌పురా సలీం భాయీ ఇక్కడ ఇటలీలో పాయోలో అనే ముసలాయన దగ్గర పని చేస్తున్నాం కదా. సముద్రం పక్కన లోతు లేని ఉప్పునీటి మడుగులో ఆయనకు గుల్లల మడి ఉంది, ఆల్చిప్పల వంటివే, ఇక్కడివాళ్లు తింటారు. మనం వడ్లు చల్లినట్టు గోరంత గుల్లలను నీటి అడుగు ఇసుకలో చల్లుతారు. పెరిగాక గీరి తీస్తారు.

ఆ మడిలోకి నీలి పీతలు వచ్చాయక్కా. మన ఎండ్రికాయల వంటివే, కాళ్లు నీలం. అమెరికా వైపు నుంచి ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లలో పడి వచ్చాయంటారు. సముద్రం వేడెక్కాక ఇక్కడ వాటికి అడ్డు లేకుండా పోయింది. వేరే సముద్రాల్లో కూడా ఇలాగే పరాయి పీతలు చేరి అక్కడి జీవాలను తినేస్తున్నాయట.

ఇక్కడి ఎండాకాలం చివర, పీతలు రాకుండా మడి మీద కప్పిన వల ఎత్తాం. కత్తెరతో కోసినట్టు తెగి ఉంది. అడుగున అన్నీ పగిలిన చిప్పలే. పాయోలో భార్య ఆనా పడవలో కూర్చుని, బతికినది ఒక్కటైనా ఉందేమోనని వేళ్లతో కెలుకుతూనే ఉంది.

"చేను మీద మిడతలు పడ్డట్టే ఉంది గదా భాయ్," అన్నాడు సలీం భాయ్.

పాయోలో మిగిలిన విత్తనం మళ్లీ చల్లాడు. చలి మొదలైనా నడుము లోతు నీళ్లలో నిలబడి పీతలను తరిమేవాడు. "సాబ్, పానం కరాబైతది, ఇంటికి పోదాం," అని సలీం భాయ్ తనకు వచ్చిన నాలుగు ఇటలీ ముక్కల్లో బతిమాలేవాడు. ఆయన వినేవాడు కాదు. మడిలో ఏమీ మిగల్లేదని మాకు తెలుసు. మన బర్రెలన్నీ రోగంతో పోయాక బాపు ఖాళీ కొట్టాన్ని పొద్దునా సాయంత్రం కడిగేవాడు, గుర్తుందా? పాయోలో కళ్లలోనూ అదే చూపు.

ఒక పొద్దున మేం వెళ్లేసరికి పడవ ఉంది, ఆయన లేడు. పొగమంచులో పిలుచుకుంటూ వెతికితే, మడి హద్దు గుంజను పట్టుకుని దాని మీదికి వాలి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. పడవలోకి ఎక్కించింది మేమిద్దరమే. తడిసిన బట్టలతో ఎంత బరువున్నాడో అక్కా! సలీం భాయ్ ఆయన కళ్లు మూసి, లోలోపల ఏదో చదువుకున్నాడు.

మట్టి చేశాక మమ్మల్ని పంపించేస్తారనుకున్నాం. ఆనా ఆయన రబ్బరు బూట్లలో గుడ్డలు కుక్కి, తొడుక్కుని వచ్చింది. ఆమె అన్నది మన మాటలో రాస్తున్నాను: "ఇంట్ల కూసుంటే గోడలు మీద పడ్తున్నయ్. పదండ్రి."

ఇప్పుడు గుల్లల పని లేదు, పీతలు పట్టడమే. పెద్దవి హోటళ్లకు పోతాయి, చిన్నవి చంపి పారేయడమే. నిన్న ఒక బోనులో ఆడపీత పడింది. పొట్ట కింద నారింజ రంగు ముద్ద, అంతా గుడ్లే, లక్షల్లో ఉంటాయట. ఆనా దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. వదిలేస్తుందనుకున్నాను. పడవ అంచు మీద పెట్టి సుత్తితో కొట్టింది. చేతులు కడుక్కుని మాకు రొట్టె విరిచి ఇచ్చింది. తిన్నాక తర్వాతి బోను లాగాం. అదీ నిండుగానే ఉంది.

వీలైతే ఇంత పసుపు, ఉసిరికాయ తొక్కు పంపు. పీతలు గీరి చేతులన్నీ పుండ్లు. బావకు, గల్లీలో పెద్దలకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉంచు.

ఈసారి లాల్‌దర్వాజాలో బోనం ఎత్తినప్పుడు అమ్మవారి ముందు పాయోలో పేరు తలుచుకో. ఎవరని అడిగితే, మా తమ్ముని సేటు అని చెప్పు.

నీ తమ్ముడు,
మల్లేశ్