పద్నాలుగు మెట్లు, మూడు గుడ్లు

జూన్ 3, మంగళవారం

ఈ పొద్దున నాకొక గది వచ్చింది. అడగకుండానే.

పళ్ళు తోముకుంటుంటే నాన్న వచ్చి చెప్పాడు. మేడ మీది గది ఇక నీదేనమ్మా, కిటికీ పక్కన టేబులు, గోడ నిండా పుస్తకాల అలమర, ఆగస్టు ఒకటిన వడ్రంగి వస్తాడు అని. నా నోటి నిండా నురగ. థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. అదే మంచిదయింది. ఎందుకంటే అది నానమ్మ కుట్టుగది.

నానమ్మ యాభై ఏళ్ళుగా టైలర్. ఆ గదిలో ఆవిడ మిషను, కత్తిరింపుల బల్ల, సీసాల నిండా గుండీలు ఉన్నాయి. నిమోనియాతో మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి నిన్ననే ఇంటికొచ్చింది. కుర్చీలోంచి లేవాలంటే నేనూ అమ్మా చెరో రెక్కా పట్టుకోవాలి. ఇంక ఆవిడ మెట్లెక్కేదెక్కడ, మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం, నువ్వు చదువుకునే పిల్లవి, నీకు గది కావాలి అన్నాడు నాన్న.

నాన్న చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడటం సులువు.

జూన్ 4, బుధవారం

నానమ్మకి ఎవరూ చెప్పలేదు. తనకే తెలిసిపోయింది. అలమర ఏ చెక్కతో చేయిస్తున్నాడే మీ నాన్న అని అడిగింది. తెలీదన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

జూన్ 5, గురువారం

ఫిజియో అక్క వచ్చింది. మాట కరుకు, చేతులు మెత్తన. టేపు పెట్టి నానమ్మ పిక్క కొలిచింది. పదకొండున్నర అంగుళాలు. ఏం పెడుతున్నారు అని అడిగింది. జావ అని అమ్మ చెప్పింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. తేలిగ్గా అరిగేవి పెట్టమని ఆసుపత్రిలో చెప్పారు మరి.

అక్క నెత్తి కొట్టుకుంది. ఒళ్ళు మంచాన పడితే ముందు తినేది కండనేనట. మూడు వారాల్లో నానమ్మ తొడలు కరిగిపోయాయి. వాటిని మళ్ళీ కట్టాలంటే కావాల్సినవి రెండు. ప్రొటీన్, పని. పని లేని ప్రొటీన్ వృథా, ప్రొటీన్ లేని పని ఇంకా నష్టం. కిడ్నీ రిపోర్టు చూసి, బాగానే ఉంది కాబట్టి పెట్టండి అంది. నలభై ఎనిమిది కిలోల మనిషికి రోజుకి దాదాపు అరవై గ్రాములు కావాలి. అదీ ఒకేసారి కాదు, పూటకి ఇరవై చొప్పున.

గుడ్డుకి ఆరు గ్రాములు. గ్లాసు పాలకి ఎనిమిది. అరచేయంత చేపముక్కకి ఇరవై. అరచేతి మీదే రాసుకున్నాను.

ఈ రోజు డిక్షనరీలో దొరికిన మాట: జవసత్వాలు. నాలుగుసార్లు పైకి చదివాను. నోట్లో బరువుగా ఉంది.

జూన్ 6, శుక్రవారం

అన్నం దగ్గర అనేశాను. ఆగస్టు ఒకటికల్లా నానమ్మ పద్నాలుగు మెట్లూ ఎవరూ పట్టుకోకుండా ఎక్కితే గది ఆవిడదే, నాకు వద్దు అని. నాన్నకి పొలమారింది. ఈ వయసులో కండలేంటే, మీ నానమ్మని కుస్తీకి పంపిస్తావా అని నవ్వాడు. నవ్వినంతసేపూ నవ్వనిచ్చి, సరేనా కాదా అని అడిగాను. సరే అన్నాడు, చంటిపిల్ల మారాం తీర్చినట్టు.

గదిలోంచి నానమ్మ కేక. నేను పైకి పోతానంటే మీరంతా అంత కంగారు పడతారేంట్రా అని. మూడు వారాల తర్వాత ఆవిడ వేసిన మొదటి జోకు.

జూన్ 8, ఆదివారం

చార్టు మొదలు. గోడకి అంటించాను. పొద్దున మూడు గుడ్లు, పాలు. మధ్యాహ్నం చేప, పెరుగు. సాయంత్రం ఉడికించిన శనగలు. రాత్రి పప్పు గట్టిగా, చికెన్ కాస్త. రోజుకి అరవై రెండు గ్రాములు తేలింది!

కాలేజీలో నన్ను పుల్ల అంటారు. పుల్ల ఇంకొకరికి కండ పెంచుతోందని తెలిస్తే ఏమంటారో. అననీ.

జూన్ 15, ఆదివారం

పిక్క పన్నెండు!! వారంలో అరంగుళం! నానమ్మే కొలుచుకుంది. టేపు ఇంకొకరికి ఇవ్వదు. యాభై ఏళ్ళు నేను లోకాన్ని కొలిచాను, నన్ను కొలిచేది నువ్వా అంటుంది. తను అంకె చెబుతుంది, నేను రాస్తాను. నాన్నకి చూపించాను. చూశాడు.

జూన్ 22, ఆదివారం

మళ్ళీ పన్నెండే. కుర్చీలోంచి లేవడానికి ఇంకా ఒక చెయ్యి కావాలి.

జూన్ 29, ఆదివారం. రాయాలని లేదు.

మళ్ళీ పన్నెండు అని చెప్పగానే ఫిజియో అక్క అనుమానంగా చూసి తన టేపు తీసింది. పదకొండున్నర. రెండోసారి కొలిచింది. పదకొండున్నర.

నేను గోడమీది చార్టు చూస్తూ నిలబడ్డాను. మీరెలా కొలిచారో చూపించండి అని అక్క నానమ్మని అడిగింది. నానమ్మ టేపు చుట్టింది. చుట్టేటప్పుడు టేపు కింద చూపుడువేలు పెట్టింది. యాభై ఏళ్ళుగా ప్రతి చొక్కాకీ అలాగే పెడుతోంది. ఆ వేలి మందమంత లూజు. వేలెందుకు అని అక్క అడిగితే, మనిషికి ఊపిరాడాలి కదమ్మా అంది నానమ్మ. అని, తన వేలి వంక తనే చూసుకుని, దాన్ని టేపు కిందనుంచి లాగేసింది.

ఆవిడకి తెలియదు. నిజంగా తెలియదు.

తర్వాత అక్క నావైపు తిరిగింది. ఈ అరవై రెండు గ్రాములూ ఆవిడ తినడం నువ్వు చూశావా అంది. నేను కాలేజీకి వెళతాను కదా అన్నాను. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. మీరంతా కానివ్వండి అంటూ నానమ్మ చివర తింటుంది. అప్పటికి కూర చల్లారిపోతుంది, ఆకలీ చచ్చిపోతుంది. సగం గుడ్డు తిని రెండున్నర గుడ్లు నా లంచ్ బాక్సులో అన్నం కింద పెడుతోంది. అవి నేను మూడు వారాలుగా తింటున్నాను! అమ్మ పెట్టిందనుకున్నాను.

నా చార్టులో ఉన్నది వడ్డించిన లెక్క, తిన్న లెక్క కాదు. ఆవిడ టేపులో వేలు పెట్టింది, నేను చార్టులో పెట్టాను.

నాన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఇంక చాల్లేమ్మా, ఆవిణ్ణి రాచిరంపాన పెట్టకు అన్నాడు. మెత్తగా అన్నాడు. మెత్తగా అంటే ఇంకా కోపం వచ్చింది.

చార్టు చించేశాను.

జూన్ 30, సోమవారం

కొత్త చార్టు.

అది పక్కన పెడితే, ఈ రాత్రి జరిగింది రాయాలి. అన్నం గిన్నెకి అడ్డంగా నిలబడ్డాను. ముందు నానమ్మ తినాలి, ఆవిడ కంచం ఖాళీ అయితేనే ఈ మూత లేస్తుంది అన్నాను. అమ్మ నవ్వాపుకుంది. నాన్న గడియారం చూశాడు. నాకు ఆకలేస్తోందే అన్నాడు. నానమ్మకి యాభై ఏళ్ళ నుంచి వేస్తోంది అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట.

నానమ్మ ససేమిరా అంది. మగాడు ఆఫీసు నుంచి వచ్చి ఆకలితో కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా అంది. దిగకపోతే నీళ్ళు తాగు, తర్వాత దించు అన్నాను. ఎంత పొగరే నీకు అంది. నీ దగ్గరే నేర్చుకున్నా అన్నాను. అప్పుడు ఒక షరతు పెట్టింది. నా కంచంలో ఏముంటే నీ కంచంలోనూ అదే ఉండాలి, అంతే ఉండాలి, ఎదురుగా కూర్చుని తినాలి, పుల్లలా ఉండి నాకు కండ గురించి చెప్పకు అంది.

రెండు కంచాలు పెట్టాను. చేపముక్క, చేపముక్క. నాన్న చూస్తూ కూర్చున్నాడు. నానమ్మ ముల్లు తీసినంత నెమ్మదిగా ఎవరూ తీయరు.

జూలై 2, బుధవారం

రోజూ మూడు విడతలు కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. నేను పక్క కుర్చీలో. ఎనిమిదో సారికి నా తొడలు కూడా వణికాయి. నానమ్మకి అది భలే నచ్చింది.

జూలై 6, ఆదివారం

టేపు నాకిచ్చింది. వేలు లేకుండా కొలిచాను. పన్నెండు అనే అబద్ధం కాదు, పదకొండున్నర కాదు: పదకొండు ముప్పావు. అక్క కూడా కొలిచింది. పదకొండు ముప్పావే.

ఎవరూ పట్టుకోకుండా కుర్చీలోంచి లేచింది. మెట్ల పక్క రెయిలింగు పట్టుకుని రెండు మెట్లు.

జూలై 10, గురువారం

కూర్చుని కాలు ముందుకు చాచి ఎత్తాలి. బరువు కట్టమంది అక్క. ఇంట్లో అలాంటివి లేవు. నానమ్మ పైనుంచి గుండీల సీసాలు తెప్పించి, సంచులు కుట్టించింది. నా చేత. చేతికుట్టు వంకరగా వచ్చిందని మూడుసార్లు విప్పించింది. ఇప్పుడు ఇద్దరం కాలికి గుండీల సంచులు కట్టుకుని ఎత్తుతుంటే ఇల్లంతా గలగల.

జూలై 14, సోమవారం

నాలుగో మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను చూడనట్టు మెట్లు లెక్కపెట్టాను. తర్వాత ముక్కు తుడుచుకుని, గుడ్డు ఉందా అంది.

జూలై 20, ఆదివారం

పన్నెండు. నిజం పన్నెండు. ఏడు మెట్లు.

నాన్న చేపలు తెచ్చాడు. చెప్పకుండానే. సంచి వంటింట్లో పెట్టి, నాకేం సంబంధం లేదన్నట్టు పేపరు చదువుకున్నాడు.

జూలై 27, ఆదివారం

పదకొండు మెట్లు. తర్వాత మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగింది. ఐదు రోజులున్నాయి.

నాన్న చెక్క నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఏ రంగు కావాలో చూసుకో అని. నానమ్మ ఒక ముక్క తీసి వేలితో కొట్టి చూసి, బాగుంది, రేపటి నుంచి దీని మీద గుడ్లు పెట్టు అంది.

జూలై 31, గురువారం

పన్నెండో మెట్టు. అంతే.

ఫోన్ చేస్తే ఫిజియో అక్క, ఈ రోజు ఇంక ఎక్కించకు, అలసిన కండకి నిద్రే తిండి అంది. తొందరగా పడుకోబెట్టాను. నాకు మాత్రం నిద్ర రావడం లేదు. మొండిపట్టు అనే మాటని ఎవరు కనిపెట్టారో గానీ, మా ఇంటికి వచ్చి చూసి ఉంటారు.

ఆగస్టు 1, శుక్రవారం, ఉదయం 8.10

అక్షరాలు కుదురుగా రావడం లేదు.

ఆరింటికి తనే లేపింది. మూడు గుడ్లు, పాలు తీసుకుని, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఏడింటికి మొదటి మెట్టు. నేను వెనక, ముట్టుకోకుండా. పదకొండో మెట్టు మీద ఆగింది. ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. కింద నాన్న బనీనుతో వచ్చి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నానమ్మ వెనక్కి చూడకుండానే, చేతులు దించరా, క్యాచ్ పట్టేవాడిలా ఆ నిలబడటమేంటి అంది. నాన్న చేతులు దించాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు వెతుక్కున్నాడు. బనీనుకి జేబుల్లేవు.

పన్నెండు. అక్కడ చాలాసేపు నిలబడింది. పదమూడు. ఇంక రెయిలింగు లేదు, గోడే. గోడ మీద అరచెయ్యి ఆనించింది.

పద్నాలుగు.

తలుపు తోసుకుని లోపలికెళ్ళి మిషను మీది గుడ్డ తీసి దుమ్ము దులిపింది. కూర్చుంది.

అదే రోజు, సాయంత్రం

వడ్రంగి తొమ్మిదింటికి వచ్చాడు. కొలతలు ఎక్కడ తీసుకోమంటారు అని అడిగితే నాన్న మెట్లు చూపించాడు. రెండోవైపు కూడా పట్టుకోవడానికి కర్ర కావాలి, పైదాకా అన్నాడు. పైనుంచి నానమ్మ కేకేసింది, అది అయ్యాక ఇలా రావయ్యా, నా బల్లకి ఒక కాలు ఊగుతోంది అని.

నా గది పోయింది. నానమ్మ మిషను పక్కనే స్టూలు వేసుకుని ఇది రాస్తున్నాను. నా చొక్కా చేతులు భుజాల దగ్గర బిగుసుకుంటున్నాయి. నానమ్మ చూసింది.

రేపు పొద్దున ఆరింటికి ఇద్దరికీ మూడేసి గుడ్లు. తర్వాత కొత్త చొక్కాకి నా కొలతలు. టేపు కింద వేలు పెట్టమని నేనే అడుగుతాను. ఇంకా పెరుగుతాను కదా.