చిన్ని పేజీ నాకు వినిపించలేదు

ఇర్వింగ్, టెక్సస్
శనివారం

అన్నయ్యకి,

సరళ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు, వదిన, పెద్దమ్మ, చిన్ని కులాసాగా ఉన్నారని తలుస్తాను. తలుస్తాను అనే రాయాలి. మీ ఇంట్లో ఎవరెలా ఉన్నారో నాకు తెలియనివ్వడం లేదని ఈమధ్యే తెలిసింది.

ఈ ఉత్తరం ఆయన చేత రాయించడం లేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లో నేనే టైపు చేస్తున్నాను. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువు. సర్దుకోవడం ఎలా ఉంటుందో నీకూ కాస్త తెలియాలి.

ఎండలు మండిపోతున్నాయి. ఇక్కడ కారు లేనిదే గడవదు. నాలాంటి వాళ్ళకోసం ముందురోజు బుక్ చేస్తే గుమ్మం ముందుకొచ్చే వ్యాన్ ఒకటుంది. ఈ వారం అది ఆలస్యంగా వచ్చి నన్ను రోడ్డుమీద మాడ్చింది. ఆఫీస్‌లో పని బాగానే ఉంది. కంపెనీల వెబ్ పేజీలు చూపులేని వాళ్ళకి పనికొస్తాయో లేదో చూడటమే నా ఉద్యోగమని నీకు తెలుసు. తెర మీద ఉన్నది కంప్యూటర్ పైకి చదువుతుంది, నేను వింటాను, ఎక్కడ మూగబోయిందో రాసిస్తాను. తిండికి లోటు లేదు. గోంగూరకి మాత్రం మన పులుపు లేదు. నా గురించి బెంగ వద్దు, బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి.

వరలక్ష్మీ వ్రతం పేరంటానికి మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే శారద ఆంటీ ఇంటికి వెళ్ళాను. తాంబూలం ఇస్తూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"మీ మేనకోడలికీ నీలాగే చూపు తగ్గిపోతోందటగా సరళా. మీ అన్నయ్య పేజీలో చదివాక నాకు అన్నం సయించలేదమ్మా" అంది.

నోట్లో ఉన్న శనగలు గబగబా మింగాను. "అవునాంటీ" అన్నాను, నాకు ముందే తెలిసినట్టు. మా అన్న నాకే చెప్పలేదని అంతమంది ఆడవాళ్ళ మధ్య ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇంటికొచ్చి, చిన్ని పేరుతో నువ్వు పెట్టిన ఆ పేజీ ఓపెన్ చేశాను. కంప్యూటర్ ఏం చదివిందో చెప్పనా? "గ్రాఫిక్. గ్రాఫిక్. స్కాన్ త్రీ. గ్రాఫిక్." అంతే. నువ్వు కాగితం మీద చేత్తో రాసి, దాన్ని స్కాన్ చేసి ఫోటోలా అతికించావు. అందరి దగ్గరా తెలుగు ఫాంట్ ఉండదు, బొమ్మయితే అందరికీ కనిపిస్తుందని ఆ పేజీ మొదలుపెట్టిన రోజు ఫోన్‌లో గొప్పగా చెప్పావు. నీ అందరిలో నేను లేను. పదిమందికి వెబ్ డిజైన్ నేర్పే మనిషివి, బొమ్మ పక్కన కంప్యూటర్ చదవడానికి రెండు ముక్కలు టైపు చెయ్యడం నీకు రాదా?

ఆయన్ని పిలిచి చదవమన్నాను. కాసేపు నసిగి, "మీ అన్నయ్యే చెప్పొద్దన్నాడు. నువ్వు బాధపడతావని" అన్నారు. అంటే ఆయనకీ తెలుసు. ఆయన సంగతి నేనిక్కడ తేల్చుకుంటాను. ఈ ఉత్తరం నీ వాటా.

అన్నయ్యా, రోజూ ఎన్నో పేజీలు చూస్తాను. వాటిని తయారుచేసిన వాళ్ళకి గుడ్డివాళ్ళు కంప్యూటర్ వాడతారనే తెలియదు. వాళ్ళమీద నాకు ఇంత కోపం రాదు. నీకు తెలుసు. తెలిసి, చెల్లెలు ఎలాగూ చదవలేదు కదా అని ధీమాగా ఊరందరికీ చాటావు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. ఆపొద్దన్నాను. "మా చెల్లెలికి వచ్చిన బతుకు నా కూతురికి రాకూడదు" అని రాశావు.

నాకేం బతుకు వచ్చింది? ఉద్యోగం చేస్తున్నాను. వంట చేస్తున్నాను. మొగుడితో పోట్లాడుతున్నాను. కష్టం ఎక్కడ పడ్డానో అడిగితే చెప్పేదాన్ని. బ్లాక్‌బోర్డు కనిపించట్లేదంటే మొండితనమని బెంచీ ఎక్కించినప్పుడు పడ్డాను. చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తుంటే నాటకాలాడకని ఇంట్లో కసిరినప్పుడు పడ్డాను. అవి చిన్నికి జరగకుండా చూడటం ఎలాగో మన ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. "ఎవరికైనా తెలిస్తే సలహా ఇవ్వండి" అని ఆ పేజీలో ముక్కూమొహం తెలియని వాళ్ళందరినీ అడిగావు. నన్ను అడగలేదు. బారసాలనాడు మాత్రం మేనత్తనని నా చేతే ఉయ్యాల్లో వేయించావు.

వదినని తీరిక చేసుకుని నాకు ఫోన్ చెయ్యమను. చాలా చెప్పాలి. ముందు స్కూల్లో చిన్నిని మొదటి వరసలో కూర్చోబెట్టించండి, వెలుతురుకి కళ్ళు చికిలిస్తే కసరకండి. పెద్దమ్మకి నా నమస్కారాలు, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయో రాయి. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే రెండు కాటన్ నైటీలు పంపు. కోపం కోపమే, నైటీలు నైటీలే.

ఆ పేజీ తీసెయ్యమని అడగను. స్కాన్లు తీసేసి, రాసినదంతా మొదటినుంచి టైపు చెయ్యి. తెలుగు కుదరకపోతే ఇంగ్లీషు అక్షరాల్లోనైనా కొట్టు, నా కంప్యూటర్ దొరగారి యాసలో చదివినా నాకు అర్థమవుతుంది. ఫోటోలో ఎవరున్నారో, పిల్ల ఏ గౌను వేసుకుందో, నవ్వుతోందో ఏడుస్తోందో రాయి. నాకోసమే చెయ్యమనడం లేదు. చిన్ని కూడా రేపు నాలాగే చెవులతో చదువుతుంది. మొదట వెతికేది తన పేరే, దొరికేది నీ పేజీయే. నా బతుకు గురించి రాసిన ఆ మాట కూడా వదలకుండా టైపు చెయ్యి. అది నీ కూతురికి వినిపిస్తుందని తెలిశాక నీ చేతులు ఆడతాయేమో చూస్తాను.

పెద్దవాడివి, దీవించు. జాలి మాత్రం పడకు.

నీ చెల్లెలు,
సరళ