వరండాలో నిలబడితే తప్పేముంది?

1974 జులై 1, సోమవారం

ఉదయం 7.30. విజయవాడలో హెడ్మాస్టర్ల శిక్షణ నిన్నటితో పూర్తయింది. మూడు రోజులూ విన్నదాంట్లో సారం ఒకటే: టీచర్లకి చదువు తక్కువ కాదు, ధైర్యం తక్కువ. అది మనమే ఇవ్వాలి. ఇస్తాను!

తీర్మానాలు:
1) పాఠం జరుగుతుంటే క్లాసులో అడుగు పెట్టను.
2) పిల్లల ముందు టీచరు తప్పు దిద్దను.
3) రోజుకొక మెచ్చుకోలు.

సాయంత్రం 5. ఇరవై రెండేళ్ళుగా నేను చెబుతున్న తొమ్మిదో తరగతి లెక్కలు కొత్త టీచరు జీవరత్నానికి ఇచ్చేశా. సిలబస్ కూడా కొత్తదే, సమితులూ గట్రా.

"నావల్లవుతుందంటారా మాస్టారూ?"

"ఎందుకవదమ్మా! క్లాసు మీది. మీకెలా తోస్తే అలా చెప్పండి."

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నాదీనూ.

జులై 2

11.10. వరండాలో వెళ్తూ ఆగా. లోపలికి వెళ్ళలేదు! కిటికీ దగ్గర నిలబడ్డా, అంతే. నన్ను చూడగానే ఆవిడ గొంతు తగ్గిపోయింది. ఎందుకో?

1.00. మెచ్చుకోలు: "బోర్డు మీద మీ రాత ముత్యాల్లా ఉందమ్మా."

"లెక్కలో తప్పు చేశానాండీ?" అంది, బెదిరిపోయి.

జులై 3

11.25. సమితుల గుర్తొకటి అటుది ఇటు వేసింది! దగ్గా. చూడలేదు. గట్టిగా దగ్గా. ముందు బెంచీ పిల్ల ఆదెమ్మ నాకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు తిరిగివ్వడానికి లోపలికి వెళ్ళక తప్పలేదు. బల్ల మీద సుద్దముక్క కనబడింది. గుర్తొక్కటే మార్చా. ఎలాగూ వచ్చా కదా అని మిగతా పాఠం కూడా చెప్పేశా.

రెండో తీర్మానం తప్పినట్టు కాదు. దిద్దేటప్పుడు పిల్లలకి నా వీపే కనబడింది.

మెచ్చుకోలు మర్చిపోయా. రేపు రెండు.

జులై 4

10.00. జీవరత్నం కాగితం పట్టుకొచ్చింది. "తొమ్మిదో తరగతి నాకొద్దండీ. ఆరో తరగతి చెప్పుకుంటాను."

కూర్చోబెట్టి నలభై నిమిషాలు ఆత్మవిశ్వాసం గురించి చెప్పా. మధ్యలో "ఒక్క మాట చెప్పనాండీ?" అంది. "నన్ను పూర్తి చేయనివ్వండమ్మా" అన్నా. పూర్తయ్యేసరికి బెల్లు కొట్టారు. కాగితం సొరుగులో పెట్టా.

జులై 5

ఆవిడ ధైర్యం కోసం రాత్రి కూర్చుని పద్నాలుగు పేజీల పాఠం రాసిచ్చా. ఎక్కడ ప్రశ్న అడగాలో, ఎక్కడ నవ్వాలో కూడా రాశా.

11.30. "ఇక్కడ చిరునవ్వు" అన్నది కూడా పైకి చదివేసింది. పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడ బోర్డు వైపు తిరిగి నిలబడిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి కనబడింది.

భోజనం సహించలేదు. సంగతంతా మా ఆవిడకి చెప్పా.

"పప్పులో ఉప్పేసేటప్పుడు మీరొచ్చి వెనక నిలబడితే నాకే చెయ్యి వణుకుతుంది. పాపం, ఆ పిల్లెంత?" అంది మాణిక్యమ్మ.

దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

జులై 8

బందరులో పరిషత్ ఆఫీసు పని. రెండు రోజులు స్కూల్లో నేనుండను. జీవరత్నం ఏమైపోతుందో!

జులై 9

పని తొందరగా తెమిలింది. పామర్రులో బస్సు మారి, మూడింటికల్లా స్కూల్లో ఉన్నా.

తొమ్మిదో తరగతి ఖాళీ! గ్రౌండులో కేకలు. పరిగెత్తా. జీవరత్నం నేల మీద ముగ్గుతో పెద్ద పెద్ద సున్నాలు గీసింది. ఈతొచ్చినవాళ్ళు ఒకదాంట్లో, సైకిలొచ్చినవాళ్ళు ఇంకోదాంట్లో. రెండూ వచ్చినవాళ్ళు రెంటికీ మధ్య, కలిసినచోట.

"విమానం ఎక్కినవాళ్ళు ఈ మూడోదాంట్లోకి రండర్రా!" ఆ గొంతు ఆవిడదేనా?

ఎవరూ కదల్లేదు.

"ఎవరూ లేరండీ!" అన్నారంతా.

"అదే శూన్య సమితి!"

ఇరవై రెండేళ్ళలో నాకిలాంటిది తట్టలేదు.

అంతలో నన్ను చూసింది. గొంతు ఆగిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, ముగ్గు డబ్బా నా చేతికివ్వబోయింది.

చెయ్యి చాచబోయి ఆగా. "మీరు కానివ్వండమ్మా" అని వెనక్కి తిరిగా. ఆఫీసు గది దాకా చెవులు వెనకే ఉన్నాయి. గుమ్మం ఎక్కాక గానీ ఆవిడ గొంతు మళ్ళీ లేవలేదు.

జులై 10

9.45. జీవరత్నం వచ్చింది. "నా కాగితం ఇచ్చేయండి మాస్టారూ. తొమ్మిదో తరగతి నేనే చెప్తాను."

"చూశారా! నేను చెప్పిన ధైర్యం ఊరికే పోలేదు."

తల దించుకుని, చాలా మర్యాదగా అడిగింది: "బందరు మళ్ళీ ఎప్పుడు వెళ్తారండీ?"

కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది, ఎవరూ రాసివ్వకుండానే.

10.30. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి తీర్మానం ఒక్కటే: తొమ్మిదో తరగతి వైపు కన్నెత్తి చూడను.

11.10. కుర్చీలోనే ఉన్నా.

11.20. ఇంకా ఉన్నా!

11.25. పక్కన ఎనిమిదో తరగతిలో సోషలు మాస్టారు ఏసుపాదం గారి గొంతు కాస్త నీరసంగా వినబడుతోంది. పాపం, ధైర్యం చాలడం లేదు.

ఒక్కసారి వెళ్ళొస్తా.